లైబ్రేరియన్ చదవకూడదట!

చదవొచ్చునట, కానీ ఇంటికెళ్ళి చదువుకోవాలట. చదివినా ఆ పుస్తకం బాగుందో లేదో పైకి అనకూడదట. ఎవరైనా అడిగినా "అన్నీ మంచి పుస్తకాలేనండీ" అని నవ్వి ఊరుకోవాలట. ఈ సూత్రాలు నేను కల్పించినవి కావు. రెండు వారాల కిందట ఇక్కడ సాల్మియాలో, ఒక శుక్రవారం భోజనాల దగ్గర, ఒక పెద్దమనిషి నాకు విడమరిచి చెప్పినవి. ఆయన మీద నాకు కోపమేమీ లేదు (గుత్తివంకాయ తిన్నది ఆయన ఇంట్లోనే). కానీ ఆయన చెబుతుంటే తలూపుతూ విన్నవాళ్ళు ఆ గదిలో పదిమంది దాకా ఉన్నారు. అందరూ చదువుకున్నవాళ్ళే. అందుకని ఇది రాయక తప్పడం లేదు.

సంగతేమిటంటే, ఇక్కడ ఒక బడిలో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్న తెలుగావిడ ఒకరున్నారు. పేరూ, బడి పేరూ చెప్పను, ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. ఆవిడకి ఒక అలవాటు ఉంది. తను చదివిన ప్రతి పుస్తకం గురించీ అరపేజీ చీటీ రాస్తారు. బడి పుస్తకమైతే ఆ చీటీని మడిచి అట్ట లోపల పెడతారు. ఊర్నించి తెచ్చుకున్న తెలుగు పుస్తకమైతే చీటీని ఫొటో తీసి, తెలిసినవాళ్ళం ఓ నలభై మందికి ఫోనులో పంపిస్తారు. ఆ చీటీల్లో పొగడ్త తక్కువ, పనికొచ్చే మాట ఎక్కువ. ఒక పిల్లల పుస్తకం గురించి ఇలా రాశారు: ఇందులో పిల్లలెవరూ పిల్లల్లా మాట్లాడరు, అందరూ హెడ్మాస్టర్లే, మీ పాపకి ఇవ్వకండి, మీరు చదివి నవ్వుకోండి. ఇంకో నవల గురించి: నాకు నచ్చలేదు, కానీ మా అమ్మ పోయిన నెలలో చదివాను, తప్పు పుస్తకానిది కాకపోవచ్చు. ఇలాంటి మాట నేను ఏ పేపర్లోని సమీక్షలోనూ చదవలేదు.

మావాడు నాలుగో తరగతి. వాడి మట్టుకు వాడు లెక్క తేల్చేశాడు, లైబ్రరీ పీరియడులో చీటీ ఉన్న పుస్తకమే తీస్తాడట. చీటీలో బాలేదని రాసి ఉంటే మరీ ఉత్సాహంగా తీస్తాడట, ఎందుకు బాలేదో చూద్దామని :)

ఇప్పుడు ఆ చీటీలు ఆగిపోయాయి. ఎవరో తల్లో తండ్రో ఫిర్యాదు చేశారు. లైబ్రేరియన్ తన సొంత అభిప్రాయాలు పిల్లల మీద రుద్దుతోందనీ, పైగా పనివేళల్లో కూర్చుని కథల పుస్తకాలు చదువుతోందనీ. బడివాళ్ళు పిలిచి మెత్తగానే చెప్పారట, ఎందుకొచ్చిన గొడవ, చీటీలు మానేయండి అని. ఆవిడ మానేశారు. మా పెద్దమనిషి సూత్రాలు ఈ సందర్భంలో పుట్టినవే.

నాకు ముందుగా ఒళ్ళు మండించింది ఆ రెండో మాట. పనివేళల్లో చదువుతోంది! ఏమండీ, వంటవాడు ఉప్పు చూస్తే దొంగతిండి అంటామా? బట్టల కొట్టువాడు చీర మడత విప్పి, వెలుతురులో పట్టుకుని, ఇది ఉతికితే రంగు పోతుందమ్మా అంటే, తన పని మానేసి కబుర్లు చెబుతున్నాడంటామా? నా సంగతే చెబుతాను. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి కన్సల్టెంటునయ్యాను. రోజుకి రెండు గంటలు స్క్రీను ముందు కూర్చుని చదవడంతోనే సరిపోతుంది. దానికి టైంషీట్లో ఓ గంభీరమైన పేరు పెట్టి క్లయింటుకి దీనార్లలో బిల్లు వేస్తాం. ఇన్నేళ్ళలో ఒక్కడూ ఫిర్యాదు చేయలేదు. నా చదువు పని, పుస్తకాలు ఇవ్వడమే ఉద్యోగమైన మనిషి చదువు మాత్రం సోమరితనం. ఈ లెక్క ఎక్కడ నేర్చుకున్నామో నాకు తెలుసు. మన ఊళ్ళలోనే నేర్చుకున్నాం.

మాది కడప జిల్లా. మా ఊరి శాఖా గ్రంథాలయం అంటే రెండు గదులు, బయట వేపచెట్టు, చెట్టు కింద పేపర్లకి ఓ బల్ల. మా లైబ్రేరియన్ గారు సన్నగా, తెల్ల చొక్కాలో ఉండేవారు. ఆయన కుర్చీ పక్కన రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, పురికొసతో బల్ల కోడుకి కట్టేసి ఉండేది, ఎవరూ ఎత్తుకుపోకుండా. అందులో తను చదివిన ప్రతి పుస్తకానికీ రెండు మూడు వరుసలు రాసేవారు. కింద ఖాళీ వదిలేవారు, చదివినవాళ్ళు రాయడానికి. "తులసిదళం" దగ్గర ఆయన రాసింది నాకింకా గుర్తు: రాత్రి చదివితే భయమేస్తుంది, పగలు చదివితే తప్పులు కనిపిస్తాయి, ఎప్పుడు చదవాలో మీ ఇష్టం. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర" దగ్గర: పరీక్షల ముందు వద్దు. బుచ్చిబాబు "చివరకు మిగిలేది"కి: ఇరవయ్యేళ్ళప్పుడోసారి, నలభయ్యేళ్ళప్పుడోసారి. నేను మొదటిది చేశాను, రెండోదానికి ఇంకా కొంచెం టైముంది.

ఆ నోట్‌బుక్కులో మధుబాబు షాడోకీ, "మాలపల్లి"కీ ఒకే రకం అక్షరాలు, ఒకే పాటి స్థలం. షాడో చదివేవాణ్ణి ఆయన ఏనాడూ చిన్నచూపు చూడలేదు. ఇది అయిపోయిందా, అయితే ఇది చూడు, ఇందులోనూ పరుగులు ఉన్నాయి కానీ పరిగెత్తేవాడు మన జిల్లావాడు, అని ఇంకో పుస్తకం చేతిలో పెట్టేవారు. అలా అనాలంటే ఆయన షాడోనీ చదివుండాలి, ఆ రెండోదాన్నీ చదివుండాలి, ఎదురుగా నిలబడ్డ కుర్రాణ్ణి కూడా కాస్త చదివుండాలి.

ఒకసారి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. నోట్‌బుక్కు చూసి ఇదే రిజిస్టరు అన్నారట. ఇష్యూ రిజిస్టరు ఉంది, యాక్సెషన్ రిజిస్టరు ఉంది, స్టాకు రిజిస్టరు ఉంది, ఈ రిజిస్టరు ఏ నిబంధన కింద తెరిచారు అని. నిబంధన లేదు. తరవాత మెమో వచ్చింది. సంస్థ పుస్తకాల మీద అనధికార వ్యాఖ్యలు చేసినందుకు, విధి నిర్వహణ వేళల్లో సొంత పఠనం చేసినందుకు. పురికొస కోసేసి నోట్‌బుక్కుని బీరువాలో పెట్టారు. ఆ తరవాత కూడా మేం పుస్తకాలు తీసుకున్నాం, లేదనను. అట్టలు చూసి తీసుకున్నాం.

ఇప్పుడు అసలు వాదనకొస్తాను, ఎందుకంటే మా పెద్దమనిషి మరీ తీసిపారేయదగ్గ మాట ఏమీ అనలేదు. ఆయన అన్నదేమిటంటే, లైబ్రేరియన్ తటస్థంగా ఉండాలి. పుస్తకాలన్నీ ఆయన బిడ్డల్లాంటివి, ఇది మంచిది అది చెడ్డది అంటే ఎలా అని. దీనికి పెద్ద ఆధారమే ఉంది. అమెరికా గ్రంథాలయ సంఘం వృత్తి నియమావళిలోనే, సొంత నమ్మకాలు వేరు, వృత్తి ధర్మం వేరు, మొదటిది రెండోదానికి అడ్డు రాకూడదు అన్న అర్థం వచ్చే నియమం ఉంది. మంచి నియమం. నేను దాని మీద చెయ్యేసి ప్రమాణం చేస్తాను.

కానీ ఆ నియమం చెప్పేది ఏమిటి? నీకు నచ్చని పుస్తకాన్ని కొనకుండా ఆపొద్దు, అడిగినవాడికి ఇవ్వకుండా దాచొద్దు. అంతవరకే. నోరు మూసుకోమని ఎక్కడా లేదు. పుస్తకం అరలో ఉంచడం ఒక పని, దాని గురించి తన మాట చెప్పడం ఇంకో పని. మా ఊరి లైబ్రేరియన్ గారు "తులసిదళం"లో తప్పులున్నాయని రాశారు, అదే పుస్తకం చిరిగితే తనే జిగురు పెట్టి కుట్టారు. తటస్థత అంటే నాకు తెలిసి అదీ.

ఇంకో తేడా కూడా చెప్పాలి, ఇది మనవాళ్ళు తలకిందులుగా పట్టుకున్నారు కాబట్టి. పాఠకుడు ఏం చదివాడన్నది గుట్టుగా ఉండాలి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో లైబ్రేరియన్ మూడో మనిషికి చెప్పకూడదు. కానీ లైబ్రేరియన్ తను ఏం చదివాడన్నది గుట్టుగా ఎందుకుండాలి? మన ఊళ్ళో జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మీ అమ్మాయి ఏవో నవలలు తీసుకెళుతోందండీ అని బజార్లో చెప్పేస్తారు. మీరేం చదువుతున్నారు సార్ అంటే మాత్రం, మాకెక్కడ తీరిక బాబూ అంటారు.

గ్రంథాలయమంటే పుస్తకాల గోడౌను, లైబ్రేరియన్ అంటే తాళాలగుత్తి, ఈ ఊహ మన తెలుగువాళ్ళది కాదు, మధ్యలో ఎక్కడో అంటింది. ఒక్కసారి వెనక్కి చూడండి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళకి నిజాం రాజ్యంలో తెలుగు అనే మాట బతకడమే సమస్య. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వచ్చింది, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని వెనక తిరిగిన అయ్యంకి వెంకట రమణయ్య (1890-1979) "గ్రంథాలయ సర్వస్వం" అని ఒక పత్రికే నడిపారు. గ్రంథాలయాల కోసం ఊరూరూ యాత్రలు చేశారు, తీర్థయాత్రల్లాగా. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవలో పుస్తకాలు తీసుకెళ్ళి రేవులో నిలబడి, ఇవి ఫలానా నంబరు కింద వర్గీకరించబడ్డాయి, తటస్థంగా ఎంచుకోండి అని ఎవడైనా అంటాడా? అంటే కాలువలోకి తోస్తారు. చదువు రానివాళ్ళకి పేపరు పైకి చదివి వినిపించడం ఆ రోజుల్లో గ్రంథాలయం పనుల్లో ఒకటి. చదివి వినిపించేవాడు గొంతు లేకుండా ఎలా చదువుతాడు?

నంబర్ల మాటొచ్చింది కాబట్టి, డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం మొత్తానికీ వాటా 894.827. నన్నయ నుంచి నామిని దాకా అందరూ ఆ నంబరు కిందే. దానికి తోక తగిలించి కవిత్వం, కథ అని విడదీయొచ్చు, కాదనను. కానీ ఆ నంబరు పుస్తకం ఎక్కడుందో చెబుతుంది, ఎవరికి కావాలో చెప్పదు. ఎవరికి కావాలన్నదే అసలు ప్రశ్న అని చెప్పినాయన మనకి పొరుగునే ఉన్నారు. షియాళి రామామృత రంగనాథన్. లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా చేరి, కొద్ది రోజుల్లోనే ఈ ఉద్యోగం నావల్ల కాదు, విసుగేస్తోంది, నన్ను మళ్ళీ లెక్కలకి పంపించండి అని మొత్తుకున్నారు. లండను వెళ్ళి చూసిరా, అప్పటికీ విసుగేస్తే చూద్దాం అన్నారు. వెళ్ళొచ్చాక మళ్ళీ లెక్కలవైపు చూడలేదు. 1931లో ఆయన చెప్పిన ఐదు సూత్రాల్లో రెండింటి సారం ఇదే, ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం ఎక్కడో ఉంటుంది, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఎక్కడో ఉంటాడు. ఇద్దర్నీ కలపాలి. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ఇరువైపులవాళ్ళనీ చూడకుండా సంబంధం చెప్పడు కదా. చదవకుండా కలపడం ఎలా? రంగనాథన్ గారి పేరు మీద ఏటా సభలు పెట్టి, ఫొటోకి దండేసి, కిందకి దిగి చదివే లైబ్రేరియన్‌కి మెమో ఇవ్వడం... సరే, పోనివ్వండి.

చదివి, రాసి, చెప్పిన లైబ్రేరియన్లు మనకి లేకపోలేదు. తెనాలి వెలగా వెంకటప్పయ్య గారు (1932-2014) వృత్తిరీత్యా లైబ్రేరియనే. గ్రంథాలయ శాస్త్రం మీద తెలుగులో పుస్తకాలు రాశారు, ఆగకుండా బాలసాహిత్యం వెంట పడ్డారు. పిల్లల పుస్తకాలంటే ఎవరికీ పట్టని కాలంలో వాటిని పోగుచేసి, చదివి, ఏది ఎక్కడుందో రాసిపెట్టారు. మా కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు. ఆయన ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి, లైబ్రేరియన్‌గా చదువుకున్నవారు కాదు. కానీ బ్రౌను దొర బంగళా శిథిలాలు మిగిలిన చోట సి.పి.బ్రౌన్ పేర గ్రంథాలయం లేవడానికి కాళ్ళరిగేలా తిరిగింది ఆయన. 2014లో పోయేదాకా ఆ చోటుకి ఆయనే గొంతు. బ్రౌన్ ఏం చేశాడో, ఎవరెవరి చేత రాతప్రతులు సాపు చేయించాడో ఆయన చెబుతుంటే విన్నవాళ్ళు ఆ పుస్తకాలు అడిగి తీసుకున్నారు. అల్మరా చూసి కాదు.

ఇక సమీక్షల సంగతి. లైబ్రేరియన్ చెప్పకపోతే ఏం, పుస్తకాల గురించి చెప్పడానికి వేరే పెద్దలు లేరా అన్నాడు మావాళ్ళలో ఒకాయన. ఉన్నారు. తెలుగులో పుస్తకం గురించి ఎవరెవరు చెబుతారో చూద్దాం. ముందుమాట రాసినాయన చెబుతాడు. ఆయన రచయితకి గురువో, స్నేహితుడో, పై అధికారో అయి ఉంటాడు. మూడు ముందుమాటలు, ఒక మలిమాట, ఒక ఆశీస్సు, ఆ తరవాత అసలు పుస్తకం, అది కొన్నిసార్లు ఆశీస్సు కన్నా చిన్నది. ఆవిష్కరణ సభలో వక్త చెబుతాడు, పుస్తకం ఆయన చేతికి ఆ సాయంత్రమే వచ్చి ఉంటుంది, శాలువా మాత్రం ముందే వచ్చి ఉంటుంది. ఆదివారం పేజీలో సమీక్షకుడు చెబుతాడు, రెండు ప్రతులు పంపితే, అట్ట వెనక ఉన్నదే కాస్త మార్చి. ఆయనా రచయితే, వచ్చే ఏడు ఆయన పుస్తకాన్ని ఈయన సమీక్షించాలి. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళని నేననను. కానీ వీళ్ళందరికీ నిజం చెబితే పోయేది ఏదో ఒకటి ఉంది.

లైబ్రేరియన్‌కి ఏం పోతుంది? పుస్తకం ఆయన రాయలేదు, అచ్చు వేయలేదు, అమ్మడం లేదు. మీరు ఫలానా పుస్తకం తీసుకెళ్ళకపోతే ఆయన జీతం తగ్గదు. కొట్టువాడు ఇది కొనొద్దు అని ఎన్నడూ అనడు. లైబ్రేరియన్ ఒక్కడే ఇది తీసుకోవద్దు అనగలడు. అంటే, ఆయన తీసుకో అన్నప్పుడు ఆ మాటకి విలువ ఉందన్నమాట. పైగా ఎవరికీ కనపడనిది ఆయనకి కనపడుతుంది. ఏ పుస్తకం ముప్ఫయ్యో పేజీ దగ్గర బస్సు టిక్కెట్టు గుర్తుతో తిరిగొచ్చిందో, ఏది అట్ట ఊడి, నూనె మరకతో, ముగ్గురు ఆడవాళ్ళ చేతులు మారి రెండు నెలలు ఆలస్యంగా వచ్చిందో. ఏ ఆదివారం పేజీకీ ఈ సమాచారం లేదు.

ఈ పని కంప్యూటర్ చేయదా అంటారేమో. నేను ఆ బాపతువాణ్ణే కాబట్టి చెబుతాను. ఇది కొన్నవాళ్ళు అది కూడా కొన్నారు అని చూపించే యంత్రానికి కావలసింది లక్షల కొనుగోళ్ళు. తెలుగు నవల ఐదొందల కాపీలు వేసి, అందులో సగం రచయితే పంచిపెడుతుంటే యంత్రానికి మేత ఎక్కడ? ఉన్న కాస్తలో రచయిత పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంటుంది, యంత్రం దృష్టిలో నలుగురు రచయితలు. ఈ తరం యంత్రాలు ఇంకాస్త గడుసువి. అడిగితే చదవని పుస్తకం గురించి కూడా అనర్గళంగా మాట్లాడతాయి (ఆవిష్కరణ సభకి పిలవొచ్చు). యంత్రం వద్దని కాదు. నా అన్నం అదే. కానీ మా అమ్మ పోయిన నెలలో చదివాను అని యంత్రం రాయలేదు.

అమెరికాలో నియమావళి ఉన్నది నిజమే, అదే అమెరికాలో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ఉన్నదీ నిజమే. సియాటిల్‌లో 1998లో ఊరంతా కలిసి ఒకే పుస్తకం చదివే కార్యక్రమం మొదలుపెట్టింది ఆవిడ. రేడియోలో తనకి నచ్చిన పుస్తకాల గురించి నోరారా చెప్పింది, 2003లో వాటన్నిటి మీదా ఒక పుస్తకమే వేసింది. ఆ ఏడే ఆవిడ రూపంతో ఒక ఆటబొమ్మ తయారుచేసి అమ్మారు, మీట నొక్కితే చెయ్యి లేచి పెదాల మీద వేలు పెడుతుంది, ష్ అని. మన దగ్గర బొమ్మ అక్కర్లేదు, మనిషి నోటి మీదే వేలు పెడతాం.

ఇక్కడి సంగతి ఒకటి చెప్పకపోతే కువైటులో ఉండి రాసి ప్రయోజనం లేదు. ఈ దేశంలో చాలా ఏళ్ళు బయటినుంచి వచ్చే ప్రతి పుస్తకాన్నీ ముందుగా చదివే మనుషులు ఉండేవారు. సమాచార మంత్రిత్వ శాఖ సెన్సారు విభాగంవారు. 2014 నుంచి నాలుగేళ్ళలో 4,390 పుస్తకాలకి అనుమతి లేదన్నారని 2018లో బయటికొచ్చింది. అందులో మార్క్వెజ్ "వందేళ్ళ ఏకాంతం" కూడా ఉంది. రచయితలూ పాఠకులూ వీధిలోకి వచ్చి అడిగారు, గొడవ చేశారు, 2020 ఆగస్టులో పార్లమెంటు చట్టం మార్చి ఆ ముందస్తు సెన్సారు అధికారం తీసేసింది. నాకు వింతగా తోచేది ఇది: అన్నాళ్ళూ పుస్తకం చదివి అభిప్రాయం చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవాడు ఒక్కడే ఉన్నాడు, వాడి సమీక్ష ఒక్క మాట, కుదరదు. ఆపేవాడికి చదివి తీర్పు చెప్పే అధికారం ఉండొచ్చు గానీ, ఇచ్చేవాడికి చదివి ఒక మాట చెప్పే స్వేచ్ఛ ఉండకూడదా? ఆ బడిలో ఫిర్యాదు చేసినవాళ్ళు ఇది ఆలోచించారని నేననుకోను.

ఇదంతా పుస్తకాల పిచ్చివాళ్ళ గొడవ, బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళకి ఎందుకు అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసం ఇది. కువైటులో తెలుగువాళ్ళంటే నాలాంటి వాళ్ళం కొద్దిమందిమి. ఎక్కువమంది మా కడప వైపు నుంచీ, కోనసీమ నుంచీ వచ్చి ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, డ్రైవర్లు. ఇరవై నంబరు వీసా. మా బిల్డింగు పక్క విల్లాలో డ్రైవరుగా చేసే రాయచోటి మనిషి ఒకడు శుక్రవారం మధ్యాహ్నాలు మా ఇంటికి వస్తాడు. నా దగ్గర రెండరల పుస్తకాలున్నాయి. విమానంలో ముప్ఫై కిలోల లెక్కలో కారం పొడి తగ్గించుకుని తెచ్చినవి (ఇంట్లో దీనిమీద వేరే పోరాటం ఉంది). పదో తరగతితో ఆగిపోయాడు. మొదట్లో చూసి పెట్టేసేవాడు. నాకు ఏమివ్వాలో తోచక చీటీలావిణ్ణి అడిగాను. ఆవిడ అతన్ని నాలుగు మాటలు అడిగారు, ఊరేది, ఏం పంట, ఇంట్లో ఎవరెవరు, బండిలో ఖాళీగా ఉన్నప్పుడు ఫోనులో ఏం చూస్తావు అని. కేతు విశ్వనాథరెడ్డి కథలు ఇవ్వండి, వద్దంటే నామినిని ఇవ్వండి అన్నారు. కేతు గారిని తీసుకెళ్ళినవాడు మూడు వారాలు పుస్తకం తేలేదు. తెచ్చినప్పుడు, "ఈయప్ప మా ఊర్లో మాదిరే రాసినాడు సార్, నీళ్ళ గురించి రాసింది సదివి నాకు నిద్ర పట్టలా" అన్నాడు. కఫీల్ పిల్లల్ని బడి దగ్గర దింపి, ఎండలో ఏసీ వేసుకుని, స్టీరింగు మీద పెట్టుకుని చదివాడట. ఆ మనిషికి ఆ పుస్తకం అందడం వెనక ఉన్నది ఒక లైబ్రేరియన్ సొంత చదువు. పనివేళల్లో చదివిందో, రాత్రి చదివిందో నాకనవసరం.

ఇంటి దగ్గర ఇంకా పెద్ద లెక్క ఉంది. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా మీరు కట్టే ఆస్తిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం ఏర్పాటు అది. ఆ డబ్బు స్థానిక సంస్థల దగ్గర్నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకి చేరడానికి ఎన్ని బకాయిలు, ఎన్ని ఉత్తరాలో పేపర్లు చదివేవాళ్ళకి తెలుసు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళితే కుర్చీ దొరకదు, గ్రూపు పరీక్షలకి చదివే పిల్లలతో నిండి ఉంటుంది. వాళ్ళని నేనేమీ అనను, వాళ్ళకి ఫ్యానూ బల్లా కావాలి, ఇవ్వాల్సిందే. కానీ ఆ పిల్లల్లో పరీక్ష పోయిన రోజు సాయంత్రం ఒకడు అరల వైపు నడుస్తాడు చూడండి, వాడికి ఆ క్షణాన ఏ పుస్తకం ఇవ్వాలో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. క్యాటలాగు చాలదు.

లైబ్రేరియన్ ఉద్యోగాలకి ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క విన్నపం. వర్గీకరణ పద్ధతులు అడగండి, కాదనను. దానితోపాటు, పోయిన ఏడాది ఏం చదివారు, అందులో నచ్చనిదేది, ఎందుకు, అని కూడా అడగండి. చేరాక రోజుకి ఒక గంట చదవడానికని డ్యూటీలోనే రాయండి. గుమ్మం పక్కన ఒక నల్లబల్ల పెట్టి, ఈ వారం నేను చదివింది అని వాళ్ళ చేత రాయించండి, పొగిడినా సరే, తిట్టినా సరే. తనిఖీకి వెళ్ళే ఆఫీసర్ల దగ్గర ఫారం ఒకటి ఉంటుంది కదా, కుర్చీలెన్ని, ఫ్యాన్లెన్ని, పేపర్లెన్ని, పోయిన పుస్తకాలెన్ని అని. అందులో ఇంకో గడి గీయండి, లైబ్రేరియన్ చదివినవి ఎన్ని అని. మెమో ఇవ్వాలని అంత సరదాగా ఉంటే, ఆ గడిలో సున్నా ఉన్నవాళ్ళకి ఇవ్వండి.